వంతెన మీద పేరుంది, పుస్తకంలో మనిషి లేడు

గంటి మోహనచంద్ర బాలయోగి గురించి మనకు దొరికే జీవిత పరిచయాలన్నీ దాదాపు ఒకే మూసలో ఉంటాయి. 1951లో ఐ.పోలవరం మండలం ఎదుర్లంకలో పుట్టుక, కాకినాడలో ప్లీడరీ, 1987లో జిల్లా పరిషత్ ఛైర్మన్, 1991లో ఎంపీ, 1998లో తొలి దళిత స్పీకర్, 2002 మార్చి 3న కైకలూరు దగ్గర హెలికాప్టర్ ప్రమాదం. చివర్లో యానాం-ఎదుర్లంక వంతెన, కోనసీమ రైలు. పదవులు మెట్లలా పేర్చి ఉంటాయి. ఆ మెట్టు మీద నిలబడి ఆయన ఏం చేశారన్నది మాత్రం ఉండదు.

నా పేచీ అక్కడే. 1999 ఏప్రిల్ 17న వాజ్‌పేయి ప్రభుత్వం 269-270తో, ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. ఒడిశా ముఖ్యమంత్రి అయ్యాక కూడా ఎంపీ పదవి వదలని గిరిధర్ గమాంగ్ ఓటు వెయ్యొచ్చా? బాలయోగి ఆ సంగతి గమాంగ్ విచక్షణకే వదిలేశారు. ఆయన సొంత పార్టీ తెలుగుదేశం ప్రభుత్వం వైపుంది. సభ్యత్వం ఉన్నవాణ్ణి ఆపే నిబంధన లేదనుకున్న లాయరు నిగ్రహమా ఇది, నిర్ణయం తప్పించుకోవడమా? జీవితచరిత్ర తేల్చాల్సిన ప్రశ్న ఇదే. మనవాళ్ళు "నిష్పక్షపాతి" అని ఒక్క మాట రాసి పేజీ తిప్పేస్తారు.

తర్వాత లోక్‌సభ రద్దయింది. కార్గిల్ యుద్ధం ఆపద్ధర్మ ప్రభుత్వం నడిపింది. 94వ అధికరణం ప్రకారం కొత్త సభ కూడేదాకా స్పీకర్ పదవిలోనే ఉంటారు. అంటే దేశం యుద్ధంలో ఉంటే, సభ లేని స్పీకర్! ఇంతకన్నా మంచి అధ్యాయం ఏ రచయితకు దొరుకుతుంది?

రైలు కథా అంతే. కాకినాడ-కోటిపల్లి పట్టాలు రెండో ప్రపంచ యుద్ధ అవసరాలకని 1940లో పీకేశారు. మళ్ళీ రైలు నడిచింది 2004లో, ఆయన పోయాక. కోటిపల్లి నుంచి నరసాపురం లైను గౌతమి, వైనతేయ, వశిష్ఠ దాటాలి. ఇంకా పూర్తి కాలేదు. "రైలు తెచ్చాడు" అనే పొగడ్త ఈ నిరీక్షణనంతా మింగేస్తుంది.

పొగడ్త మనిషిని పెద్ద చేస్తుందనుకుంటాం. నిజానికి అతని నిర్ణయాలను చెరిపేస్తుంది. ఒక దళిత న్యాయవాది రాజ్యాంగాన్ని ఎలా చదివాడో అడగకుండా, ఎంత ఎత్తుకు ఎక్కాడో మాత్రమే చెప్పడం గౌరవం కాదు. ఆయనతో వాదించే పుస్తకం కావాలి మనకి.