గొంతుకి హక్కు ఎన్నేళ్ళు?

1902లో కలకత్తాలో గ్రామఫోను కంపెనీ కోసం పాడిన గౌహర్ జాన్, పాట చివర తన పేరు తానే ఇంగ్లీషులో చెప్పుకునేది. రికార్డులు అచ్చొత్తే ఫ్యాక్టరీ జర్మనీలోని హానోవర్‌లో ఉండేది. ఏ పాట ఎవరిదో అక్కడి పనివాళ్ళకి తెలియాలి కదా! వ్యాపారం అవసరం కోసం పుట్టిన పద్ధతే అయినా, ఆ రికార్డు విన్నప్పుడల్లా నాకు మాత్రం ఒక స్త్రీ "ఇది నా గొంతు" అని చెప్పి వెళ్ళినట్టే ఉంటుంది.

1949 నాటికి ఆ మాట పోయింది. 'మహల్' సినిమా పాట రికార్డు మీద గాయని పేరు 'కామిని' అని వేశారు. కామిని ఆ సినిమాలో మధుబాల వేసిన పాత్ర. పాడింది లతా మంగేష్కర్. పాడిన మనిషి పేరు బదులు, లేని మనిషి పేరు. తర్వాత ఆ లతే గాయనీగాయకులకి రాయల్టీ కావాలని నిలబడింది. పాడినందుకు డబ్బు ఒకసారి ఇచ్చాక ఇంకేమిటన్నది మహమ్మద్ రఫీ అభిప్రాయం. 1960లలో కొన్నేళ్ళు వాళ్ళిద్దరూ కలిసి పాడలేదు.

చట్టం అప్పటికి రఫీ పక్షానే ఉంది. 1957 కాపీరైటు చట్టానికి రాసినవాళ్ళు తెలుసు, బాణీ కట్టినవాళ్ళు తెలుసు, రికార్డు చేసిన కంపెనీ తెలుసు. పాడినవాళ్ళు తెలియదు. 1977లో సుప్రీంకోర్టు సినిమా పాటల హక్కుల కేసులో తీర్పు చెబుతూ, గాయకులకి ఏ హక్కూ లేకపోవడాన్ని జస్టిస్ కృష్ణయ్యర్ ప్రత్యేకంగా ఎత్తిచూపి పార్లమెంటు పట్టించుకోవాలన్నారు. అది పట్టించుకుని చేసిన సవరణ 1995 మేలో అమలులోకొచ్చింది.

2012 సవరణని మనవాళ్ళు చాలామంది విజయంగా చెప్పుకున్నారు. కొంతవరకు నిజమే. జావేద్ అఖ్తర్ రాజ్యసభలో వాదించిన ఆ సవరణతో కవులూ సంగీత దర్శకులూ రాయల్టీని ముందే రాసిచ్చేయడం కుదరకుండా పోయింది. వాళ్ళకి అది 'సమాన ప్రాతిపదికన' పంచాలని చట్టం రాసింది. గాయనికి కూడా రాయల్టీ ఉంది, 38ఎ సెక్షన్లో. కానీ అక్కడ 'సమానం' అన్న మాట లేదు. ఎంతివ్వాలో చెప్పలేదు. కాలం లెక్క కూడా చూడండి. 2000లో పాడి అదే ఏడు విడుదలైన పాట మీద గాయని హక్కు 2050 చివరితో తీరిపోతుంది. కంపెనీ హక్కు 2060 దాకా ఉంటుంది. కవికీ, సంగీత దర్శకుడికీ బతికినన్నాళ్ళూ, ఆపైన అరవై ఏళ్ళు.

ఈ లెక్కలో ఆడామగా తేడా ఎక్కడుందని అడగొచ్చు. మన సినిమాల్లో స్త్రీకి తెరిచిన తలుపు గొంతే. భానుమతి 1954లో 'చక్రపాణి'కి సంగీతం చేసింది, నిజమే. ఆమెలాంటివాళ్ళని వేళ్ళమీద లెక్కపెట్టాల్సిరావడమే నా జవాబు. స్త్రీలు ఎక్కువగా చేసిన పని ఏదో దానికే తక్కువ కాలం, తక్కువ వాటా రాయడం యాదృచ్ఛికమని నేననుకోను.

అసలు నన్ను ఆపేసినది మరో వాక్యం. 'ప్రదర్శకులు' అంటే ఎవరో చెప్పే నిర్వచనానికి 2012లో ఒక మినహాయింపు తగిలించారు. సినిమాలో ఎవరి ప్రదర్శన అప్రధానమైనదో, పరిశ్రమ ఆనవాయితీ ప్రకారం ఎవరి పేరు టైటిల్స్‌తో సహా ఎక్కడా వెయ్యరో, వాళ్ళు ప్రదర్శకులు కారు. తమ పాటని వికృతం చేస్తే అడ్డుకునే హక్కు ఒక్కటి మిగిల్చారు. పేరు వెయ్యకపోవడం పరిశ్రమ చేసిన తప్పు. ఆ తప్పునే హక్కు లేకపోవడానికి కొలబద్ద చేశారు! కోరస్ పాడినవాళ్ళు ఈ వాక్యం కిందికి వస్తారా రారా అన్నది వాదించుకోవాల్సిన సంగతే. వాదించుకోవాల్సిన స్థితిలో వాళ్ళని ఉంచడమే అన్యాయం.

2016లో గిన్నిస్ వాళ్ళు పి. సుశీల పాటలు 17,695 అని గుర్తించారు. మనమంతా పొంగిపోయాం. ఆ లెక్కలో సోలోలు, యుగళగీతాలు, కోరస్‌తో పాడిన పాటలు ఉన్నాయి. ఆ కోరస్‌లో సుశీల వెనక నిలబడి ఆలాపన అందుకున్న స్త్రీలెవరో మన సినిమా సాహిత్యంలో ఎంత వెతికినా ఒకటి రెండు పేర్లకి మించి నాకు దొరకలేదు.

డెబ్భై ఎనిమిది చుట్ల రికార్డుకి చిన్న కాగితం లేబులు, అందులో చోటు లేదనేవారు. ఫోనులో పాట వినేవాళ్ళకి చోటు కొరత లేదు. ఎన్ని పేర్లయినా పడతాయి. అయినా కంపెనీ పంపిన పేర్లే అక్కడ కనిపిస్తాయి, డబ్బూ ముందు కంపెనీకే చేరుతుంది. ఇప్పుడు గొంతులని యంత్రాలు అనుకరిస్తున్నాయి. 2024లో అరిజిత్ సింగ్‌కీ, 2025లో ఆశా భోంస్లేకీ బొంబాయి హైకోర్టు రక్షణ ఇచ్చింది. వింటే ఎవరిదో తెలిసిపోయే గొంతులు కాబట్టి అడగగలిగారు. 'ఇది నా గొంతు' అని కోరస్ గాయని కోర్టుకి వెళితే మొదట అడిగేది రుజువు. ఆ రుజువు ఉండాల్సిన చోటు రికార్డు లేబులు, సినిమా టైటిల్స్. రెండిట్లోనూ ఆమె పేరు లేదు.