పక్షివర్ణనమందలి ఉపమ

సలీం అలీ 1941లో ప్రకటించిన ‘ది బుక్ ఆఫ్ ఇండియన్ బర్డ్స్’ శాస్త్రగ్రంథముగనే ప్రసిద్ధి నొందినది. దాని వచనమును సాహిత్యదృష్టితో పరిశీలించినవారు అరుదు. ఆయన ఒక పక్షి పరిమాణమును చెప్పవలసినప్పుడు పిచ్చుక, బుల్బుల్, గోరువంక, కాకి మొదలగు నిత్యపరిచితములతో పోల్చును. ఈ ఉపమకు అలంకరించుట పని కాదు. తెలియనిదానిని తెలిసినదానిచే పట్టియిచ్చుట పని. ఎక్కడనుండియో వలసవచ్చి ఒక్కనాడు కంటబడి మాయమగు పక్షి విషయమున ఇది మరియు ముఖ్యము. చూచితినని చెప్పువాని మాట నిలుచునో నిలువదో అతని వర్ణనమే తేల్చును.

మన కావ్యములందలి చాతకమును చూడుడు. వానలతోపాటు ఆఫ్రికానుండి ఉత్తరభారతమునకు వచ్చు నలుపు తెలుపుల కోకిలజాతి పక్షియే అది యని పలువురు గుర్తించిరి. కవిసమయమునకును మొదట కన్నుండెనన్నమాట! పిదపివారు ఆ కన్ను మూసికొని పద్యములు చెప్పిరి.

‘పిట్ట’ కథ ఇంకను విచిత్రము. 1816లో వియేయో అను ఫ్రెంచి పండితుడు ఒక పక్షిజాతికి శాస్త్రనామముగా స్థిరపరచిన ఈ పదము అచ్చతెనుగు మాట. ఆ జాతిలోని భారతీయ పిట్ట వేసవియందు హిమాలయపాదములందును మధ్యభారతమందును గూడుకట్టి, చలికాలమునకు దక్షిణాపథమునకును సింహళమునకును వచ్చును. రాత్రులు పయనించి, అలసి, నగరోద్యానములందు దిగుట కలదు. ఆకుపచ్చని వీపు, నీలిమచ్చ గల రెక్క, తోకక్రింద ఎరుపు, కంటిమీదుగా నల్లని చార: ఇన్ని వన్నెలున్నను అది రాలుటాకులలో నేలపై మెలగును గనుక కూతయే దానిని పట్టియిచ్చును. తమిళులు ఉదయసాయంకాలముల ఆ కూతనుబట్టి ‘ఆరుమణి కురువి’ యని పిలిచిరి. పేరులోనే వేళ యున్నది. మన మాట లోకమంతట తిరిగినను ‘చిన్నపక్షి’ యను సామాన్యార్థము మించి ఏమియు చెప్పదు.

సముద్రతీరమున సలీం అలీ పద్ధతికిని కష్టము కలుగును. శీతకాలపు ఉల్లంకిపిట్టలు పెక్కింటికి ఒకే బూడిదవన్నె, రమారమి ఒకే ప్రమాణము. రష్యా ఈశాన్యకోణమున గ్రుడ్లుపెట్టి దక్షిణాసియా తీరములకు వచ్చు, నశించిపోవు దశలోనున్న చెంచామూతి ఉల్లంకి పిచ్చుకకంటె కొంచెమే పెద్దది. చెంచా యను ఉపమ ఎదురుగా చూచినవానికే సార్థకము. ప్రక్కనుండి చూచిన ఆ ముక్కు తక్కినవానివలెనే సన్నగా కనబడును. కావున ఇచ్చట వర్ణించువాడు రూపమును విడిచి నడకను పట్టవలెను. అలతో పరుగెత్తి అలతో మరలునది ఒకటి. ముక్కును ఇటునటు త్రిప్పుచు పలుచని నీటిని వెదకునది వేరొకటి.