సమాన ఓల్టేజి చాలునా? – లిథియం బ్యాటరీల సమాంతర సంధానము

బ్యాటరీలను గూర్చి ఉన్నత పాఠశాలలో చెప్పెడి పాఠము చిన్నది. ఘటములను శ్రేణిలో కలిపినచో ఓల్టేజి హెచ్చును. సమాంతరముగా కలిపినచో ఓల్టేజి మారక, విద్యుత్తునిచ్చు శక్తి హెచ్చును. దీనికి తోడు వాడుకలో ఒక సూత్రము కలదు: "ఓల్టేజి సమానమైన బ్యాటరీలను సమాంతరముగా కలుపవచ్చును." సీసపు బ్యాటరీల విషయమున ఈ సూత్రము చాలవరకు అక్కరకు వచ్చినది. 1991లో విపణికి వచ్చిన లిథియం అయాన్ ఘటములు నేడు ఫోన్లలోను, లాప్‌టాప్‌లలోను, వాహనములలోను నిండియున్నవి. పాత లాప్‌టాప్ ఘటములను విడదీసి వైజ్ఞానిక ప్రదర్శనకు బ్యాటరీని కూర్పబూనిన విద్యార్థి ఈ సూత్రమునే నమ్మినచో ప్రమాదము వాటిల్లవచ్చును. కావున దీనిలో ఎంత సత్యము కలదో, ఎంత కొరత కలదో విచారింపవలసియున్నది.

సత్యమైన భాగము ఇది. ఒక ఘటము 4.1 ఓల్టులు, మరియొకటి 3.6 ఓల్టులు ఉన్నవనుకొందము. ఒక్కొక్కదాని అంతర్నిరోధము 0.05 ఓము. రెంటిని సమాంతరముగా కలిపిన క్షణమున 0.5 ఓల్టుల భేదము 0.1 ఓము గుండా 5 ఆంపియర్లను నడుపును. బయట దీపము లేదు, మోటారు లేదు. అయినను ఒక ఘటము రెండవదానిలోనికి ఈ విధముగా విద్యుత్తును క్రుమ్మరించును. ఒకటి, ఒకటిన్నర ఆంపియర్లతో ఛార్జి కావలసిన ఘటమునకు ఇది మితిమీరిన భారము. కనుక కలుపుటకు ముందు ఓల్టేజీలను సమానము చేయవలెననుట సరియే.

కొరత ఎక్కడనగా, సూత్రము మొత్తమును చూచునే గాని భాగములను చూడదు. నాలుగేసి ఘటములను శ్రేణిలో కూర్చిన రెండు మాలలను తీసికొనుడు. మొదటి మాలలో నాలుగును 3.80 ఓల్టులే. రెండవ మాలలో 4.00, 3.85, 3.75, 3.60. రెంటి మొత్తము 15.20 ఓల్టులే! ఓల్టుమీటరు రెంటికిని ఒకే అంకె చూపును. కలిపినను విద్యుత్తు పారదు. కాని ఛార్జి చేయునప్పుడు రెండవ మాలలోని 4.00 ఓల్టుల ఘటము అందరికన్న ముందుగా 4.20 ఓల్టుల హద్దును చేరి, దానిని దాటిపోవచ్చును. మొదటి మాల ఆరోగ్యముగానుండుట దానికి ఏ మాత్రమును తోడ్పడదు. ఏలయన మాలల చివరలే కలిసియున్నవి గాని లోపలి ఘటములు కలిసి యుండలేదు. ఇనుప ఫాస్ఫేటు జాతి లిథియం ఘటములలో ఇంకొక చిక్కు కలదు. ఛార్జి చాలవరకు మారినను వాటి ఓల్టేజి దాదాపు నిలకడగా నుండును. కనుక అచ్చట సమాన ఓల్టేజి సమాన ఛార్జికి నమ్మదగిన సాక్షి కాదు.

మరి పాత పాఠము ఈ సంగతిని ఎందుకు చెప్పలేదు? సీసము కొంతవరకు క్షమించును గనుక. నిండిన సీసపు ఘటములోనికి కొద్దిపాటి విద్యుత్తును ఇంకను పంపినచో అది నీటిని విడదీసి వాయువులుగా మార్చును. ఈలోగా వెనుకబడిన ఘటము నిండుకొనును. లిథియం ఘటమునకు అట్టి విడుపు లేదు. హద్దు మీరిన ఛార్జి ద్రావణమును చెరచును, ఋణధ్రువముపై లోహపు లిథియంను పేర్చును, వేడిని పెంచును. తుదకు మంటకును దారితీయవచ్చును. ఆ క్షమాగుణము లేనిచోట మానవుడే సమతులనమును ఏర్పరుపవలెను.

ఆ పనికే పర్యవేక్షణ వలయము కలదు. అది ఒక్కొక్క ఘటపు ఓల్టేజిని కొలిచి, హెచ్చుగానున్న దానికి ఒక నిరోధమును తగిలించి అదనపు ఛార్జిని వేడిగా ఖర్చుచేయును. ఇది నెమ్మదియైన పని. 0.1 ఆంపియరు చొప్పున ఒక ఆంపియర్-గంట భేదమును తీర్చుటకు 10 గంటలు పట్టును. కావున సమతులన వలయము చిన్న భేదములను దిద్దునే గాని, పొసగని ఘటములను పొసగించు మంత్రము కాదు.

క్రొత్తగా కూర్చువారికి ఉత్తమ పద్ధతి ముందు సమాంతరము, పిదప శ్రేణి. ఒకే రకము, ఒకే సామర్థ్యము, ఒకే వయస్సు గల ఘటములను ఓల్టేజి సమానము చేసి సమాంతర గుంపులుగా కలిపినచో ప్రతి గుంపును ఒకే పెద్ద ఘటమువలె మెలగును. ఒక్క వలయము అన్ని గుంపులను కనిపెట్టగలదు. సిద్ధముగానున్న మాలలను కలుపవలసివచ్చినచో ప్రతి మాలకును సొంత వలయము, సొంత ఫ్యూజు ఉండవలెను. వేర్వేరుగా నిండుగా ఛార్జి చేసి, లోపలి ఘటములు సమతూకమునకు వచ్చిన పిమ్మటనే ఓల్టేజీలను సరిపోల్చి కలుపవలెను. తీగెల పొడవు సమానముగా నుండవలెను. ఒక మాల వలయము తెగినచో భారమంతయు రెండవదానిపై పడును. దానిని ఒంటరిగా మోయగల శక్తి ప్రతి మాలకును ఉండవలెను.

తరగతి గదిలో లిథియం ఘటములతో ఈ ప్రయోగము తగదు. క్రొత్త, పాత టార్చి ఘటములు రెండు చాలును. 1.5, 1.2 ఓల్టుల ఘటముల సజాతి ధ్రువములను 10 ఓముల నిరోధము, మిల్లీఅమ్మీటరుల ద్వారా ఒక్క నిమిషము కలిపినచో, 30 మిల్లీ ఆంపియర్లకు మించని విద్యుత్తు ఒకదాని నుండి మరియొకదానికి పారుట కంటికి కనిపించును. తరువాత వాటిని శ్రేణిలో కలిపి మొత్తమును, విడివిడిగా ఒక్కొక్కదానిని కొలిపింపవలెను. మొత్తము 2.7 ఓల్టులని మాత్రమే తెలిసినవానికి అందు బలహీనమైనది ఏదో తెలియదని విద్యార్థి అప్పుడు గ్రహించును.

పాత సూత్రము తప్పు కాదు, అసంపూర్ణము. "సమాన ఓల్టేజి" అనుచోట "ప్రతి ఘటమునందును" అను రెండు మాటలు చేర్చి బోధించినచో ఆ కొరత చాలవరకు తీరును.