స్థానం వారి సత్యభామ

తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడంటారు. నూరేళ్ల కిందట తెనాలి నాటకరంగం అచ్చంగా అలాంటి చోటు. పద్యానికి వన్స్‌మోర్ ఎన్నిసార్లు పడిందన్నదే నటుడి సత్తాకు కొలత. ఆ పోటీ మధ్యనే ఎదిగినా, పక్కవాడికంటే తన కిందటి వేషాన్నే ఎక్కువగా పోటీకి తెచ్చుకున్న నటుడు స్థానం నరసింహారావు.

ఆయన 1902లో బాపట్లలో పుట్టారు. 1920లో ఆ ఊళ్లోనే హరిశ్చంద్ర నాటకం ఆడబోతుంటే చంద్రమతి వేషధారి రాలేదు. ఆ లోటు పూడ్చడానికి తొలిసారి ముఖానికి రంగు వేసుకున్నారు. తర్వాత తెనాలి శ్రీరామ విలాస సభలో చేరారు. మద్రాసు లైను మీద బాపట్ల, విడిపోయే కొమ్మ లైను చివర రేపల్లె, రెంటికీ కూడలి తెనాలి. రాత్రంతా నాటకం చూసి తెల్లవారి బండికి ఇల్లు చేరుకోగల ఊళ్లు. అలా చూసే జనానికి ఒక్క వేషాన్నే తిప్పి తిప్పి చూపిస్తే చెల్లదు.

ఆడవాళ్లు రంగస్థలం ఎక్కడం అరుదైన ఆ రోజుల్లో ఆడవేషాలు కట్టే మగవాళ్లు ప్రతి నాటక సమాజంలోనూ ఉండేవారు. మగవాడు ఆడదానిలా కనిపించడం వింత కాదు. ఒకే మగవాడు కట్టిన స్త్రీలలో ఒకరి పోలిక మరొకరికి రాకపోవడం వింత. స్థానం వారి పనితనమంతా అక్కడుంది.

చిత్రాంగి, దేవదేవి, మధురవాణి. పైపైన చూస్తే ముగ్గురిదీ వలపు వ్యవహారమే. కానీ సారంగధరుడి మీద చిత్రాంగి కోరిక నిజం, కాదన్నప్పుడు పగగా మారేంత నిజం. విప్రనారాయణుణ్ణి లొంగదీస్తానని పంతం పట్టి వచ్చిన దేవదేవి వలపు నటనగా మొదలై నిజంలో పడుతుంది. కన్యాశుల్కంలో మధురవాణి ఎక్కడా పడదు. ఎదుటివాణ్ణి మాటతోనే పడగొడుతుంది. పైగా అది వచన నాటకం. పద్యంతో, రాగంతో పేరు తెచ్చుకున్న నటుడు ఆ ఆయుధం పక్కన పెట్టి, ఉత్త మాటల విరుపుతో నిలబడాలి. ఒకే ఓరచూపుతో ముగ్గురినీ నెట్టుకొచ్చినా చప్పట్లు పడేవే. ఆయన ఆ సుఖానికి పోలేదు. మొగల్ రాకుమారి రోషనారగా వచ్చినప్పుడు మళ్లీ వేరే నడక, వేరే ఠీవి.

అన్నిటికీ మించి నిలిచింది సత్యభామ. ముత్తరాజు సుబ్బారావు రాసిన శ్రీకృష్ణ తులాభారంలోని ఆ పాత్ర కోసం ‘మీరజాలగలడా’ పాటను స్థానం తానే రాసుకున్నారు. పాట చోటు గమనించండి. కృష్ణుడు తన మాట జవదాటడన్న సత్యభామ ధీమా పతాక స్థాయిలో ఉన్న ఘట్టమది. ఆ తర్వాత తక్కెడలో నగలన్నీ గుమ్మరించినా కృష్ణుడు తూగడు; రుక్మిణి వేసిన తులసీదళానికి తూగుతాడు. సవతులందరినీ మించాలనుకున్న మనిషి ఓడిపోయే కథ. పాటలో గర్వం మోతాదు పెరిగితే ప్రేక్షకుడికి ఆమె మీద జాలి పుట్టదు, తగిన శాస్తి అనుకుంటాడు. మురిపెం ఎక్కువైతే అసలు ఓటమి బరువే తెలియదు. గర్వం కింద ప్రేమ కనిపించాలి, ప్రేమ కింద చిన్న భయం కూడా. పల్లవిని ఆయన తిప్పి తిప్పి పాడుతూ, పాడిన ప్రతిసారీ మరో భావం పలికించేవారని చూసినవాళ్లు చెప్పుకునేవారు. అంటే వన్స్‌మోర్ అడిగినవాడికి పాత సరుకు మళ్లీ ఇవ్వలేదన్నమాట. గ్రామఫోను రికార్డులో ఆ గొంతు దొరుకుతుంది. పక్కకు మూడు నిమిషాలు పట్టే ఆ పలకలో కళ్లూ, చెయ్యీ, జడ విసురూ మాత్రం ఇమడలేదు.

ఆయనలాగే స్త్రీ పాత్రలతో వెలిగినవాళ్లు మరాఠీలో బాలగంధర్వ, గుజరాతీలో జయశంకర్ సుందరి. జయశంకర్‌కు 1901లో సౌభాగ్య సుందరి నాటకంలో వేసిన సుందరి వేషమే పేరైపోయింది. ఒక నటుడికి అంతకు మించిన మెప్పు ఉండదనిపిస్తుంది. స్థానం వారిని చూశాక మరో రకం మెప్పూ ఉందని తెలుస్తుంది. సత్యభామగా అంత పేరొచ్చినా ఆయన్ని ఆ ఒక్క వేషంతో కట్టెయ్యడం ఎవరి తరమూ కాలేదు. 1956లో పద్మశ్రీ ఇచ్చినప్పుడు ప్రభుత్వం గౌరవించింది ఈ స్త్రీలందరినీ కలిపే. తన నటనానుభవాలను ఆయన ‘నటస్థానం’ పుస్తకంగా రాసి పెట్టారు.

1966లో శ్రీకృష్ణ తులాభారం సినిమాగా వచ్చినప్పుడు ఆయన పాట సుశీల గొంతులోకి వెళ్లింది. వేషం జమునకు దక్కింది, తెనాలి పక్కనే దుగ్గిరాలలో పెరిగిన అమ్మాయికి. ఈ తరానికి సత్యభామ అంటే జమునే. ఎవరు ఎవరిని మించారని తేల్చబోతే వాదన తెగదు, తెగక్కర్లేదు కూడా. జమున స్థానాన్ని అనుకరించి ఉంటే ఆ పాత్ర అక్కడే ఆగిపోయేది. ఇవాళ పద్య నాటకంలో సత్యభామ కట్టేవాళ్లు ఆయన జడ విసురు నేర్చుకోవడం సులువే. నేర్చుకోవలసింది మాత్రం, నిన్న చప్పట్లు పడిన చోటే ఇవాళ మరోలా చేసి చూసే తెగువ.