బోయిసెన్ విన్నదీ, విననిదీ: మానసిక వైద్యం పొందినవారి సాక్ష్యంపై ఒక పరిశీలన

మన వేదాంత కళాశాలల్లో కాపరి పరిచర్య బోధించేవారు ఆంటన్ బోయిసెన్ పేరు చెప్పకుండా ఉండరు. క్లినికల్ పాస్టరల్ ఎడ్యుకేషన్‌కు మూలపురుషుడు, మనుష్యులను ‘సజీవ మానవ పత్రాలు’గా చదవమన్నవాడు అని రెండు వాక్యాల్లో ముగించి ముందుకు సాగిపోతారు. బి.డి. చదివే రోజుల్లో నేనూ ఆ రెండు వాక్యాలే పరీక్షలో వ్రాసి మార్కులు తెచ్చుకున్నాను. ఆయన స్వయంగా మానసిక వైద్యశాలలో రోగిగా ఉన్నవాడన్న సంగతి మాత్రం ఎవరూ నొక్కి చెప్పలేదు. అది చెప్పకపోతే ఆయన వ్రాసినది సగమే అర్థమవుతుంది.

1876లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో జన్మించిన బోయిసెన్ మొదట అటవీశాస్త్రం అభ్యసించి, తర్వాత న్యూయార్కులోని యూనియన్ సెమినరీలో వేదాంతం పూర్తిచేశాడు. 1920 అక్టోబరులో, సంఘసేవకు తిరిగి వెళ్ళే ఉద్దేశంతో తన విశ్వాస ప్రకటన వ్రాసుకుంటుండగా ఆయన మనస్సు అదుపు తప్పింది. లోకానికి మహావిపత్తు రాబోతున్నదన్న తలంపు ఆయనను ముంచివేసింది. ఇంటివారు ఆసుపత్రిలో చేర్పించారు. మసాచుసెట్స్‌లోని వెస్ట్‌బరో ప్రభుత్వ వైద్యశాలలో సుమారు పదిహేను నెలలు గడిపాడు. నెమ్మది కలిగిన తర్వాత ఆయన కోరింది, తనకు జరిగినదాని అర్థమేమిటో ఎవరైనా తనతో మాట్లాడాలని. వ్యాధికి మూలం శరీరంలోనే ఉన్నదని నమ్మిన వైద్యులు, రోగితో అతని లక్షణాలను గురించి సంభాషించడం అనవసరమని తలంచారని ఆయన తరువాత వ్రాసుకున్నాడు. 1924లో వూస్టర్ ప్రభుత్వ వైద్యశాలకు చాప్లిన్‌గా వెళ్ళాడు. మరుసటి ఏడు వేసవిలో సెమినరీ విద్యార్థులను రోగుల మధ్య పనిచేయడానికి పిలిపించాడు. 1936లో వెలువడిన ‘ది ఎక్స్‌ప్లొరేషన్ ఆఫ్ ది ఇన్నర్ వరల్డ్’ అనే గ్రంథంలో 173 మంది రోగుల చరిత్రలను పరిశీలించాడు. 1930లోను, 1935లోను ఆయనకు మళ్ళీ ఆ స్థితి వచ్చింది. దానిని దాచలేదు. 130వ కీర్తనను తలపించే పేరుతో 1960లో ప్రచురించిన ‘అవుట్ ఆఫ్ ది డెప్త్స్’ అనే ఆత్మకథలో అంతా విప్పి చెప్పాడు. ఒక కాపరి ఇంత నిర్భయంగా తన మతిభ్రమణను గూర్చి వ్రాయడం మన మధ్య ఈనాటికీ ఊహకందదు.

ఆయన వాదన స్థూలంగా ఇది. కొన్ని రకాల మతిభ్రమణం కేవలం శిథిలత కాదు, చెదరిపోయిన జీవితాన్ని తిరిగి కూర్చుకొనడానికి ఆత్మ చేసే పెనుగులాట. ప్రవక్తల దర్శనాలకూ, పౌలు మార్పునకూ, వార్డులోని రోగి భయంకర అనుభవానికీ మధ్య దూరం మనమనుకున్నంత లేదు. పెనుగులాట ఫలిస్తే మనిషి మునుపటికంటె మేలైన స్థితికి రాగలడు. వైద్యుడు ఆ మాటల వెనుక ఉన్న అర్థాన్ని చెత్తగా ఊడ్చివేస్తే ఆ అవకాశం పోతుంది. మానసిక వైద్యంపై ఒక అనుభవజ్ఞుడు వేసిన ప్రశ్నగా దీని విలువ నేటికీ తగ్గలేదు.

వినేవాడు విననిది

అయితే ఆ గ్రంథాన్ని మెచ్చుకొని ఊరుకోలేము. బోయిసెన్ రోగులను మూడు త్రోవలుగా విభజిస్తాడు: తన లోపాన్ని ఒప్పుకొని భయంతో పోరాడేవారు, నెపం ఇతరులమీద వేసి దాక్కొనేవారు, పోరాటం మాని కొట్టుకుపోయేవారు. మొదటివారికి నిరీక్షణ ఉంది, చివరివారికి లేదన్నట్లు సాగుతుంది ఆయన ధోరణి. మొదటి గుంపులో ఎవరున్నారో చూడండి. బోయిసెనే ఉన్నాడు! తన అనుభవాన్ని కొలబద్దగా పెట్టుకొని తోటి రోగులను కొలిచాడు. ఇరవై ఏళ్ళుగా గోడవైపు చూస్తూ కూర్చున్నవాడు తన వైఖరివల్లనే అలా అయ్యాడని పలకడం, యోబు స్నేహితులు చేసిన పనికి ఎంత దూరం? ఏడు దినములు మౌనంగా నేలను కూర్చున్నంతవరకు వారు మంచి కాపరులే. నోరు తెరచి కారణం వెదకడం మొదలుపెట్టిన తర్వాతనే చెడిపోయారు.

‘పత్రం’ అన్న మాటతోనూ నాకు ఇబ్బంది ఉంది. పత్రాన్ని మనం చదువుతాము, అది మనలను చదవదు. మనం తప్పు చదివితే “అలా కాదండీ” అనదు. ఏలీ హన్నా పెదవుల కదలికను చదివి త్రాగుబోతని తీర్పు తీర్చాడు. ఆమె ఎదురు చెప్పింది, ఆయన తన మాట మార్చుకొని దీవించి పంపాడు. యాజకుడు సరిదిద్దబడడానికి ఒప్పుకొన్న ఆ క్షణం బోయిసెన్ పద్ధతిలో చాలినంత లేదు. పెద్ద ప్రశ్నావళి చేతబట్టి కూర్చున్నవాడి ఎదుట రోగి మాట్లాడవచ్చు గాని సరిదిద్దడం కష్టం. 2020లో జాన్ స్వింటన్ ప్రచురించిన ‘ఫైండింగ్ జీసస్ ఇన్ ది స్టార్మ్’ ఈ విషయంలో ఒక అడుగు ముందున్నది. మానసిక నర్సుగా పనిచేసి వేదాంతి అయిన ఆయన, రోగనిర్ణయపు పేరుకంటె ముందు ఆ విశ్వాసి తన బ్రతుకును ఏ మాటలతో చెప్పుకుంటున్నాడో అడుగుతాడు.

మన దేశంలో

మన దగ్గర సంగతి కొంచెం వేరు. 1957లో వేలూరు సి.ఎం.సి.లో కెనడా మిషనరీ వైద్యురాలు ఫ్లోరెన్స్ నికోల్స్ ఆరంభించిన మానసిక ఆరోగ్య కేంద్రంలో రోగితోపాటు ఇంటివారిలో ఒకరు ఉండి సహకరించే పద్ధతి పెట్టారు. గోడల వెనుక ఒంటరిగా పడవేయడంకంటె ఇది ఎంతో దయగల ఏర్పాటు, క్రైస్తవ పరిచర్య ఈ దేశానికిచ్చిన మంచి దానాల్లో ఒకటి. కాని ఇంటివారు ప్రక్కన ఉన్నంత మాత్రాన రోగి మాట వినబడినట్లు కాదు. ఏ ఓ.పి.లోనైనా చూడండి, డాక్టరుగారు అడుగుతారు, అన్నగారు జవాబిస్తారు. అసలు మనిషి బల్ల చివర కూర్చుని ఉంటుంది.

ప్రార్థన గృహాల మాటకు వస్తే మనం మరింత తగ్గించుకోవాలి. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, గొలుసులతో కట్టబడిన 28 మంది మంటల్లో కాలిపోయారు. అది దర్గా దగ్గర జరిగింది, మనకేమిటి అనుకోవద్దు. అటువంటి గొలుసు మన ప్రార్థన గృహాల్లో ఒకదానిలో నేను కళ్ళారా చూశాను. మార్కు 5లో గొలుసులు వేసినవారు ఊరివారు, యేసు కాదు. ఆయన పేరు అడిగాడు. స్వస్థుడైన తర్వాత జరిగిన సంగతి చెప్పే పని శిష్యులకు అప్పగించక, ఆ మనిషికే అప్పగించి ఇంటికి పంపాడు.

నా విషయం ఒకటి చెప్పాలి. ఇరవై ఏళ్ళ క్రిందట మా సంఘంలో ఒక సహోదరికి నిద్ర పట్టక, స్వరములు వినబడుతున్నవని చెప్పినప్పుడు నేను తలమీద చెయ్యిపెట్టి గద్దించి ప్రార్థించాను. మాత్రలు ఆపమని నోటితో అనలేదు గాని, విశ్వాసముంచమని నేనన్న మాటను ఆమె అలాగే అర్థం చేసుకుంది. ఆ తర్వాత అన్నయ్య ఆసుపత్రిలో వేశాడు. తిరిగి వచ్చాక ఆమె నాతో అన్నది: “అయ్యగారూ, అక్కడ మత్తియ్యకుండా కరెంటు పెట్టినప్పుడు భయమేసింది. ఇక్కడ మీరు కేకలేసినప్పుడూ అదే భయం. స్వరాలు ఏమంటున్నాయని అక్కడా అడగలేదు, ఇక్కడా అడగలేదు.” నాకు జవాబు లేకపోయింది. ఆమె మాత్రలు మేలు చేస్తున్నాయని కూడా ఆమే చెప్పింది, నేటికీ వేసుకుంటున్నది. వైద్యాన్ని విమర్శించే ఉత్సాహంలో ఆ సంగతి మరచిపోయే కాపరివల్ల ప్రాణాలు పోతాయి.

2018 మే 29 నుండి అమలులోనున్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 మత్తు, కండరాల సడలింపు మందు ఇవ్వకుండా కరెంటు చికిత్స చేయడాన్ని నిషేధించింది, గొలుసులను నిషేధించింది. ఇంకా ముఖ్యంగా, మైనరు కాని ఎవరైనా తనకు మళ్ళీ జబ్బు వస్తే ఏ విధమైన చికిత్స కావాలో, ఏది వద్దో ముందుగానే వ్రాసిపెట్టుకొనవచ్చు, తన తరపున మాట్లాడే ప్రతినిధిని ఎన్నుకొనవచ్చు. అత్యవసర చికిత్సకు ఆ వ్రాత వర్తించదు. మన సంఘాల్లో ఈ సంగతి తెలిసినవారు ఎందరు? సెమినరీలో దీనికి ఒక్క తరగతి గంటైనా కేటాయించారా?

ఆ సహోదరి నిమ్మళంగా ఉన్న రోజుల్లో పార్సనేజికి వచ్చి, తన కోరికలు ఒక కాగితంమీద వ్రాయించింది. అన్నయ్య గాక చిన్నమ్మ తోడుండాలట. గదికి బయట గడియ పెట్టకూడదట. కేకలేసి ప్రార్థించవద్దు, ప్రక్కన కూర్చుని కీర్తన చదివితే చాలట. చివరిది వ్రాసేటప్పుడు ఆమె నావైపు చూసి నవ్వింది. చట్టప్రకారం నమోదు చేయించే పని ఇంకా మిగిలే ఉంది. ప్రస్తుతానికి ఆ కాగితం బాప్తిస్మపు రిజిస్టరులో పెట్టి ఉంచాను.