వాగ్ధాటికి మార్కులు – వివేచనకు?

'శాస్త్రం–సమాజం' అనే అంశం మీద విశ్వవిద్యాలయాల్లో చర్చలు పెట్టి విద్యార్థులకు మార్కులు వేయడం మంచి పనే. శాస్త్రీయ దృక్పథాన్నీ, జిజ్ఞాసనూ పెంపొందించుకోవడం పౌరుని ప్రాథమిక విధి అని 1976లో 42వ సవరణ రాజ్యాంగంలో చేర్చింది. ఆ విధి చదువులోకి రావలసిందే. అయితే దాన్ని మనం ఏ తూకపురాళ్లతో తూస్తున్నాం అన్నదే నా ప్రశ్న.

ఇటువంటి చర్చలకు న్యాయనిర్ణేతగా కూర్చున్నప్పుడల్లా నా చేతికి వచ్చిన పట్టిక దాదాపు ఒకటే. ఉచ్చారణకు ఇన్ని, ధారాళతకు ఇన్ని, హావభావాలకు ఇన్ని, సమయపాలనకు ఇన్ని. చివర 'విషయం' అని ఒక గడి. అనుకూల, ప్రతికూల పక్షాలను చీట్లు తీసి పంచుతారు. ఎదుటివాడి వాదాన్ని లోపలినుంచి అర్థం చేసుకోవడానికి ఈ పద్ధతి కొంత పనికొస్తుంది, కాదనను. కాని చీటీలో వచ్చిన పక్షాన్ని నెగ్గించడమే లక్ష్యమైనప్పుడు, సాక్ష్యం ఎటు మొగ్గుతున్నదో చూడవలసిన అవసరం విద్యార్థికి ఉండదు. సాహిత్యంలో రూపవాదాన్ని ఇన్నేళ్లుగా విమర్శిస్తున్న మనం, తరగతి గదిలో అదే రూపవాదానికి మార్కులు వేస్తున్నాం.

దీనికి భిన్నమైన చర్చ ఒకటి మన నేలమీదే జరిగింది. 1999లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మెకిన్సీ సంస్థ సాయంతో 'విజన్ 2020' పత్రాన్ని తయారుచేసి విడుదల చేసింది. 2001 జూన్‌లో మెదక్ జిల్లాలో 'ప్రజాతీర్పు' పేరిట చిన్న, సన్నకారు రైతులు జ్యూరీగా కూర్చున్నారు. వారిలో ఎక్కువమంది స్త్రీలు. వ్యవసాయ భవిష్యత్తును గురించిన మూడు చిత్రణలను వీడియోల ద్వారా వారి ముందు పెట్టారు. వారు నిపుణులను సాక్షులుగా పిలిచి ప్రశ్నించి, తర్వాత తమలో తాము చర్చించుకున్నారు. జన్యుమార్పిడి పంటలు వద్దన్నారు. భూమి మీద బతికేవారిని 70 శాతం నుంచి 40 శాతానికి తగ్గించే ఆలోచనను వ్యతిరేకించారు. స్థానిక వనరుల మీద ఆధారపడే సేద్యానికి అండ కోరారు.

ఆ తీర్పు అక్షరాలా సరైనదని నేను వాదించబోవడం లేదు. నిర్వహణ నిష్పాక్షికంగా జరిగిందా అని బ్రిటిష్ సహాయ సంస్థ అధికారులు ప్రశ్నించారు. ఆ ప్రశ్నా అడగదగినదే. ఆ సంస్థే నాటి రాష్ట్ర ప్రభుత్వానికి సాయం అందిస్తున్నదన్న సంగతీ గుర్తుంచుకోవలసిందే. నేను చూపదలచుకున్నది వేరు. ఆ రైతులు ఎవరి పక్షానా చీటీ తీయలేదు. ఈ విత్తనం వస్తే కూలి ఏమవుతుంది, అప్పు ఎవరి నెత్తిన పడుతుంది, వచ్చే ఏటికి విత్తనం ఎవరి చేతిలో ఉంటుంది అన్నవి వారి బతుకులోంచి పుట్టే ప్రశ్నలు. మన పట్టికలో వాటికి గడి లేదు. ఉచ్చారణ గడిలో వారికి మనం ఎన్ని మార్కులు వేసి ఉండేవాళ్లం?

కాబట్టి గడులు మారాలి. విద్యార్థి చెప్పిన అంకె ఎక్కడిది, ఆ పరిశోధనకు డబ్బు ఎవరిది అని అడగాలి. నిర్ణయం ఎవరి జీవితం మీద పడుతుందో అతను గుర్తించాడా అని చూడాలి. ఎదుటివారి సాక్ష్యం బలమైనదైతే తన అభిప్రాయాన్ని సవరించుకున్న విద్యార్థికి మార్కులు తగ్గకూడదు, పెరగాలి. ఇంగ్లీషు ధారాళంగా రాని పల్లెటూరి విద్యార్థి తన తెలుగులో ఇదంతా చెప్పగలిగితే అతనికీ సమాన గౌరవం దక్కాలి. భౌతికశాస్త్రం చదివిన కొడవటిగంటి కుటుంబరావు సైన్సు వ్యాసాలను తెలుగులోనే రాశారు. శాస్త్ర విషయాలను వాదించడానికి మన భాష చాలదనే సాకు చెల్లదు.

ఇలా మార్కులు వేయడం కష్టమనీ, అభిప్రాయభేదాలు వస్తాయనీ అధ్యాపక మిత్రులు అనవచ్చు. నిజమే, రావాలి కూడా. ఉచ్చారణను కొలిచినంత తేలికగా వివేచనను కొలవలేం. బోధనలో ఉన్న రచయితలు తమ కళాశాలల్లో ఈ పట్టికలను తెప్పించి చూడాలనీ, వాటిమీద ఈ పత్రికలో చర్చ సాగాలనీ కోరుతున్నాను.