తారీఖుల నడుమ

మొదటి తారీఖున చేతికందిన జీతము ఇరువదవ తారీఖునాటికే నామమాత్రావశిష్టమై, తక్కిన పది దినములును రాబోవు జీతమును స్మరించుచునే గడుచుచుండగా, నేను పదునేడేండ్లనుండి విడువక జమాఖర్చు పుస్తకము వ్రాయుచున్నాను. దీనివలన ఒక్క రూపాయియైన మిగిలినదని చెప్పజాలను. బియ్యము, పాలు, కరెంటు బిల్లు, బండి కిస్తు, చిట్టీ అను పద్దులు ప్రతిమాసమును ఒకే వరుసలో బుద్ధిగా నిలిచియుండును. పెండ్లి చదివింపులు, మందులు, నా అవివేకము మొదలగునవి యన్నియు ‘ఇతరములు’ అను పద్దులో తలదాచుకొనును. మాసాంతమున నన్ను ముంచునది ఎల్లప్పుడు ఆ పద్దే.

మా బాన్సువాడలో కాలమును తారీఖులతో కొలుచువారికంటె పంటలతో కొలుచువారే మెండు. మంజీరపై 1923లో ఆరంభమై 1931లో పూర్తియైన నిజాంసాగరు నీటిని నమ్ముకొన్న రైతునకు జీతము ఏటికి రెండే మారులు, వానాకాలపు వడ్లకొకటి, యాసంగి వడ్లకొకటి. కొనుగోలు కేంద్రమున కాంటా యయి పైకము ఖాతాలో పడిన దినముననే విత్తనముల బాకీ, ఎరువుల దుకాణపు ఉద్దెర, కోతయంత్రపు కిరాయి ముందుగా వచ్చి కూర్చుండును. నాకు పది దినముల కరవైన, ఆయనకు మూడు నాలుగు మాసముల కరవు. అయినను ఆయన తన్ను తాను బీదవాడనుకొనడు, నేననుకొందును. ఈ వైపరీత్యము నన్ను చిరకాలము వేధించినది.

ఈ చింతలో నుండగానే దూరదేశపు లెక్క యొకటి నా కంటబడినది. అమెరికా కేంద్రబ్యాంకు 2013నుండి ఏటేట అచటి గృహస్థులను ఒక ప్రశ్న అడుగుచున్నది: అకస్మాత్తుగా 400 డాలర్ల ఖర్చు మీదపడిన ఎట్లు తీర్తురు? 2023లో నూటికి 63 మంది నగదుతోగాని తత్సమానమైన దానితోగాని తీర్తుమనిరి. మిత్రుల యొద్దనో బంధువుల యొద్దనో తెచ్చి తీర్తుమనువారు ఆ లెక్కలో చేరక, తక్కిన 37 మందిలోనికి పోవుదురు. లెక్క లెక్కయే, కాదనను.

ఈ సంగతి మా వాకిటి కెదురింట, చాటలో తంబాకు పోసికొని తునికాకు చుట్టుచున్న బీడీకార్మికురాలైన యొక పెద్దమ్మకు చెప్పితిని. ఆమె రాబడి వేయి బీడీల లెక్కన వచ్చు కూలి. ఆకు బాగులేని వారమున అదియు తగ్గును. చేతిపని ఆపకయే విని, “అడిగితె లేదనకుంట ఇచ్చేటోళ్లు పదిమందున్నరు సారూ, నాకేం తక్కువ?” అనినది.

అమెరికావారు లేమిక్రింద వ్రాసికొన్న చేబదులును ఆమె ఆస్తిక్రింద వ్రాసికొన్నది. అది ఊరక కలిగిన ఆస్తియు కాదు. ఇన్నేండ్లు తానొకరికి లేదనకుండ ఇచ్చి, తెచ్చినది గడువునకు తీర్చి కూడబెట్టినది. నా పుస్తకమున దానికి పద్దే లేదు.

ఆ రాత్రి చివరిపుటలో ‘అర్ధరాత్రి తలుపు తట్టి అడుగదగినవారు’ అని శీర్షిక పెట్టి పేర్లు వ్రాయ మొదలిడితిని. మూడు పేర్లకు కలము నిలిచినది. వారిలో ఒకరికి పోయిన మాసపు రెండువేలు నేనింకను బాకీ.